మొదటి ప్రశ్న ఎవరిది?

ఆన్‌లైన్‌లో రచయితతో ముఖాముఖి జరపడం 2020 కరోనా లాక్‌డౌన్ తర్వాత తెలుగు సాహిత్యంలో బాగా అలవాటైంది. అంతకుముందు ఒక పుస్తకం రాసినాయన మాట వినాలంటే హైదరాబాదో, విజయవాడో, కనీసం ఖమ్మమో పోవాలి. చర్ల నుంచో చింతూరు నుంచో పొద్దున్నే బస్సెక్కి పోయినా సభ అయ్యేసరికి తిరుగు బస్సు ఉండదు. ఇప్పుడు ఫోన్‌లో లింకు నొక్కితే రచయిత ఎదురుగా ఉంటాడు. ఇది చిన్న మార్పు కాదు. 2014లో పోలవరం ముంపు పేరుతో భద్రాచలం చుట్టుపక్కల మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు ఒకే కోయజనం రెండు రాష్ట్రాల కింద పడ్డారు. పిల్లల పాఠ్యపుస్తకాలు వేరయ్యాయి, ఉద్యోగాల నోటిఫికేషన్లు వేరయ్యాయి. కూనవరం పిల్లవాడూ దుమ్ముగూడెం పిల్లవాడూ ఒకే కథ గురించి ఒకే సాయంత్రం మాట్లాడుకునే వీలు ఈ ఫోను తెర మీద ఉంది. అందుకే ఈ సమావేశాలు ఎట్లా జరుగుతున్నాయో కొంచెం గట్టిగానే అడగాలని మేము అనుకుంటున్నాం.

జరుగుతున్న తీరు అందరికీ తెలిసిందే. గంటన్నర సమావేశం అనుకోండి. మొదట నిర్వాహకులు తమ సంస్థ ఎప్పుడు పుట్టిందో చెప్తారు. తర్వాత అధ్యక్షులు, ఆ తర్వాత ఆత్మీయ అతిథి, ఆ తర్వాత పుస్తకం మీద ఇద్దరు వక్తలు. రచయిత మాట్లాడే సమయానికి గంట దాటిపోతుంది. పక్కన చాట్‌లో "అభినందనలు", "శుభాకాంక్షలు", చప్పట్ల బొమ్మలు పడుతూ ఉంటాయి. చివర్లో "సమయాభావం వల్ల రెండు ప్రశ్నలు మాత్రమే" అంటారు. ఆ రెండూ రచయితకు బాగా పరిచయమున్నవాళ్ళే అడుగుతారు. అందులో ఒకటి ప్రశ్న కాదు, ఇంకో ప్రసంగం. సభాపద్ధతి మొత్తాన్ని వేదిక మీది నుంచి తీసి తెర మీద పెట్టారు, పూలదండ ఒక్కటే తక్కువ.

మన పిల్లలు ఆ తెర మీద ఎట్లా కనపడతారో కూడా చూడండి. పేరుండాల్సిన చోట ఫోను కంపెనీ పేరుంటుంది. "రెడ్‌మీ గారూ, మీ మైకు ఆపండి, చప్పుడు వస్తోంది" అని రెండుసార్లు హెచ్చరిక వస్తుంది. ఆ రెడ్‌మీ గారు ఎవరు? ఆశ్రమ పాఠశాల వరండాలో మాస్టారి ఫోను చుట్టూ మూగిన పన్నెండు మంది పిల్లలు. నిర్వాహకుల లెక్కలో వాళ్ళు ఒక్కరు. మూడోసారి వాళ్ళ మైకును అటునుంచే ఆపేస్తారు. ఆ సాయంత్రం చర్చ జరిగింది ఆదివాసీల మీద రాసిన పుస్తకం గురించే అయితే, ఆ పుస్తకంలో ఉన్నవాళ్ళనే బయట కూర్చోబెట్టినట్టయింది కదా!

మన మీద పుస్తకాలు తక్కువేమీ లేవు. మహాశ్వేతాదేవి బెంగాలీలో బిర్సా ముండా మీద రాసిన "అరణ్యేర్ అధికార్" నవలకు 1979లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగులో సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన "కొమురం భీం" నవలను మన యువకులు ఇప్పటికీ చేతులు మార్చుకొని చదువుతున్నారు. ఆ తర్వాత మనవాళ్ళే కలం పట్టారు. కోయ ఆడబిడ్డ పద్దం అనసూయ కథలు రాసింది. ఉత్తరాంధ్ర నుంచి మల్లిపురం జగదీశ్ రాస్తున్నాడు. లంబాడా యువకుడు రమేశ్ కార్తీక్ నాయక్ "ఢావ్లో" కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్నాడు. రచయిత అంటే ఫోటోలో కండువా కప్పుకొని ఉండే పెద్దాయన అనే కాలం పోయింది. పిలిస్తే పలికే దూరంలో ఉన్నాడు. పిలిచి ఏమి అడుగుతున్నాం అన్నదే ఇప్పుడు తేలాల్సిన విషయం.

ఒక చిన్న ఉదాహరణ చెప్తాం. ఒక కథలో ఆదివాసీ స్త్రీ సాయంత్రం పూట కొమ్మ వంచి ఇప్పపూలు కోస్తూ ఉంటుంది. వర్ణన చాలా అందంగా ఉంది. కానీ ఇప్పపువ్వును కోయరు, ఏరతారు. అది రాత్రి పూట రాలుతుంది. చెట్టుకింద ఎండాకులు ఊడ్చి నేల శుభ్రం చేసి పెట్టుకుంటే, తెల్లవారకముందే గంపలు పట్టుకొని పోయి ఏరుకొస్తారు. "కోయడం", "ఏరడం", ఒక్క క్రియలో ఇంత తేడా ఉంది. ఏరడం అని రాసి ఉంటే ఆ స్త్రీ చీకట్లో లేచిన సంగతి, వంగి వంగి నడుము నొప్పి పుట్టిన సంగతి, పశువులు వచ్చి తినకముందే చేరాలన్న ఆదుర్దా అన్నీ కథలోకి వచ్చేవి. కొమ్మ వంచి కోయడం వల్ల ఆమె క్యాలెండరు బొమ్మ అయిపోయింది. పట్నం విమర్శకుడికి ఇది కనపడదు. ఐదో తరగతి పిల్లకు కనపడుతుంది. అచ్చయిన పుస్తకంలో ఆ వాక్యం ఎప్పటికీ అట్లాగే ఉంటుంది. రచయిత ఎదురుగా ఉన్న ఆ గంటలోనే దాని గురించి అడగగలం.

ఇంకో సమావేశం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రచయిత ఆదివాసీ కాడు. మంచి కథకుడు, పేరు ఇక్కడ అక్కర్లేదు. కథలో ఒక కోయ యువకుడు, ఒక కోయ యువతి ఇష్టపడతారు. పిల్లవాడి పేదరికం అడ్డొస్తుంది, తండ్రి ఒప్పుకోడు, చివరకు ఒప్పుకుంటాడు. ఊరంతా రేల ఆడుతుంది. ఇద్దరికీ ఇంటిపేర్లు కూడా పెట్టాడు రచయిత. ప్రశ్నల సమయంలో ఇంటర్ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె మైకు తెరిచి, "సార్, ఈ రెండు ఇంటిపేర్లూ మా దిక్కు ఒకటే గట్టు. వాళ్ళు వరసకు అన్నాచెల్లెళ్ళు అవుతారు. మరి ఊరంతా ఎట్లా ఒప్పుకొని ఆడింది సార్?" అని అడిగింది.

కోయలు కాని మిత్రుల కోసం ఒక మాట. మాలో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఇట్లా ఏడో గట్టు దాకా ఉంటాయి. ఏ ఇంటిపేరు ఏ గట్టులోదో పెద్దలకు తెలుసు. వేల్పులు గట్టును బట్టి ఉంటాయి. ఒకే గట్టువాళ్ళు అన్నదమ్ముల కింద లెక్క, పెళ్ళి కుదరదు.

రచయిత ఒక క్షణం ఆగాడు. ఇంటిపేర్లు ఆ ప్రాంతంలో విన్నవే తీసుకున్నానని, గట్టు సంగతి తనకు తెలియదని నిజాయితీగా చెప్పాడు. "అయితే కథ ఏమవుతుందమ్మా?" అని ఆ అమ్మాయినే అడగబోయాడు. అప్పుడు నిర్వాహకుడు మధ్యలోకి వచ్చి, "కథలో భావం ముఖ్యం, చిన్న చిన్న వివరాలు కాదు" అని సర్ది, తర్వాతి వారిని పిలిచాడు. మా అభ్యంతరం రచయిత మీద కాదు, ఆ సర్దుబాటు మీద.

అది చిన్న వివరమా? అగ్రహారం కథలో సగోత్రీకుల పెళ్ళి ఒక్కరూ కిక్కురుమనకుండా జరిగిపోయినట్టు ఎవరైనా రాస్తే మన విమర్శకులు భావం ముఖ్యమని ఊరుకుంటారా? ఆ అమ్మాయి తప్పు పట్టడానికి అడగలేదు. ఆమె ప్రశ్నలో కథాశిల్పం ఉంది. ఒకే గట్టు పిల్లలు ఇష్టపడితే అసలు గొడవ పేదరికంతో కాదు, రెండు కుటుంబాల వేల్పులతో, పెద్దల పంచాయతీతో, ఇద్దరూ ఊరు వదిలి పోవాల్సి రావడంతో మొదలవుతుంది. అది ఇప్పుడున్న కథ కంటే పెద్ద కథ. ఆ అమ్మాయి ఒక్క ప్రశ్నతో ఆ పెద్ద కథను చూపించింది. ముందు మాట్లాడిన ఇద్దరు వక్తలు నలభై నిమిషాల్లో దాని దగ్గరికి కూడా రాలేదు. వాళ్ళ ప్రసంగాల్లో "అమాయక గిరిజనులు", "స్వచ్ఛమైన ప్రేమ" అనే మాటలు మాత్రం చాలాసార్లు వచ్చాయి. అమాయకులకు ఇట్లాంటి ప్రశ్న వస్తుందా?

రచయితను ఎదురుగా కూర్చోబెట్టుకొని వినడం మనకు కొత్త కాదు. కోయల దగ్గర డోలీలు ఉన్నారు. పడిగె గుడ్డ మీది బొమ్మలు చూపిస్తూ, డోలు కొడుతూ వేల్పుల కథ, గట్టు కథ పాడేది వాళ్ళు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు ఈ విద్యకే 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయాడు. డోలీ పాడేటప్పుడు ఎదురుగా కూర్చునేది ఎవరు? ఆ కథ ఎవరిదో వాళ్ళే. వినేవాళ్ళకు కథ ముందే తెలుసు. పాడేవాడికి కూడా, వినేవాళ్ళకు తెలుసని తెలుసు. అందుకే పాట జాగ్రత్తగా సాగుతుంది. మధ్యలో అధ్యక్షుడు ఉండడు, ఆత్మీయ అతిథి ఉండడు. తెలిసినవాళ్ళ ముందు చెప్పడం అనే ఆ క్రమశిక్షణ అచ్చుపుస్తకానికి లేదు. పుస్తకం తెలియనివాళ్ళ ముందు కూడా ధైర్యంగా అబద్ధం చెప్పగలదు. ముఖాముఖి సరిగ్గా జరిగితే పుస్తకానికి ఆ క్రమశిక్షణ కొంత తిరిగి వస్తుంది.

అడగడం అంటే నిలబెట్టి నిందించడం కాదని కూడా మన యువకులకు చెప్పాలి. ఝార్ఖండ్‌లో జరిగింది గుర్తు చేసుకుందాం. సంతాల్ రచయిత హాఁస్దా సౌవేంద్ర శేఖర్ ఇంగ్లీషులో రాసిన "ది ఆదివాసీ విల్ నాట్ డ్యాన్స్" కథల పుస్తకం 2015లో వచ్చింది. అందులో సంతాల్ స్త్రీలను చిత్రించిన తీరు బాగాలేదని 2017లో పెద్ద గొడవ జరిగింది. రచయిత దిష్టిబొమ్మ తగలబెట్టారు. ప్రభుత్వం ఆగస్టులో పుస్తకాన్ని నిషేధించింది, ప్రభుత్వ డాక్టరు ఉద్యోగంలో ఉన్న రచయితను సస్పెండ్ చేసింది. కొన్ని నెలలకు నిషేధం ఎత్తేశారు. ఆ కథల మీద ఎవరి అభిప్రాయం ఎట్లా ఉన్నా, అభ్యంతరం ఉన్న పాఠకురాలు రచయిత ఎదుట కూర్చొని "ఇది ఎందుకు ఇట్లా రాశావు తమ్ముడూ?" అని అడిగే చోటు కంటే ముందే వీధి వచ్చింది, వీధి కంటే ముందుకు ప్రభుత్వం వచ్చింది. ఇంట్లో అడగాల్సిన ప్రశ్నను ఠాణాకు పంపితే రచయితా నష్టపోతాడు, అడిగినవాళ్ళూ నష్టపోతారు. రేపు మన అమ్మాయి కథ రాస్తే ఆమె మీదికీ అదే కర్ర లేస్తుంది.

మన రచయితలు అతిథులైనప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. కథ గురించి అడగరు. "మీ పండుగలు చెప్పండి", "మీ పెళ్ళిళ్ళు ఎట్లా చేస్తారు", "ఇప్పసారా నిజంగా ఆరోగ్యమా?" అని అడుగుతారు. రచయితను పిలిచి మ్యూజియం గైడును చేస్తారు. ఆ పేరా అక్కడ ఎందుకు ఆపావు, కథ తల్లి నోట ఎందుకు చెప్పించావు, లంబాడీ మాటకో కోయ మాటకో అర్థం ఎందుకు ఇవ్వకుండా వదిలేశావు అని అడిగేవాళ్ళు అరుదు. ఒక తెలంగాణ కథకుణ్ణి పిలిచి బతుకమ్మ ఎట్లా పేరుస్తారని గంటసేపు అడుగుతామా? మన పిల్లలు ఇక్కడ మేలు. వాళ్ళకు పండుగ తెలుసు కాబట్టి నేరుగా కథలోకి పోతారు.

సరే, ఎట్లా జరపాలి? మేము చూసినవి, చేసినవి చెప్తాం.

పుస్తకం చదవకుండా ముఖాముఖి పెట్టొద్దు. ఇది చెప్పాల్సిన మాటేనా అనిపించవచ్చు, కానీ ఇక్కడే అంతా పాడవుతోంది. మన దిక్కు బస్టాండు దగ్గరి దుకాణంలో పోటీపరీక్షల గైడ్లు తప్ప కథల పుస్తకం దొరకదు. పుస్తకం మొత్తం అక్కర్లేదు. పది పేజీల ఒక కథ ఎంచుకోండి. రచయితను ముందే అడిగి, ఒప్పుకుంటే ఆ కథ ఫోటోలు పంపండి. రచయిత గొంతుతోనే చదివి పంపమంటే ఇంకా మంచిది. రెండు వారాల ముందు నుంచి రాత్రి స్టడీ అవర్‌లో రోజుకు రెండు పేజీలు ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్ళు వినాలి. ఇంటికి పోయినప్పుడు అవ్వకు చెప్పి రమ్మనాలి. గట్టు ప్రశ్న అడిగిన అమ్మాయికి ఆ సంగతి పుస్తకాల నుంచి రాలేదు, ఇంట్లో నుంచి వచ్చింది.

వేళ సంగతి. వేసవి సెలవులు కాబట్టి అందరికీ తీరిక అని పట్నంలో ఏప్రిల్, మే నెలల్లో ముఖాముఖులు వరుసగా పెడతారు. మనకు అది తునికాకు కాలం. తెల్లవారుజామున అడవికి పోయి ఆకు కోసి, మధ్యాహ్నం యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి, సాయంత్రం కల్లంలో అప్పగించి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఆ ఇంటి పిల్లవాడు సాయంత్రం ఆరు గంటలకు లింకు నొక్కడు. వానాకాలం విత్తనాల పని. కోతలయ్యాక, చలికాలంలో, రాత్రి భోజనాల తర్వాత అయితే అందరూ దొరుకుతారు. రచయిత రాత్రి ఎనిమిదిన్నరకు ఒక రోజు మేల్కొంటే నష్టమేమీ లేదు.

జూమ్ ఉచితంగా వాడితే నలభై నిమిషాలకు ఆగిపోతుంది, గూగుల్ మీట్ గంట ఇస్తుంది. చాలామంది దీన్ని ఇబ్బంది అంటారు. మేము వరం అంటాం. నలభై నిమిషాలే ఉందంటే అధ్యక్షుడికి చోటు లేదు. రెండు నిమిషాల పరిచయం, రచయిత తన కథలోంచి ఒక పేజీ చదవడం, ఆ వెంటనే ప్రశ్నలు. సిగ్నల్ తక్కువైన చోట అందరి వీడియోలూ ఆపి రచయిత ముఖం ఒక్కటే ఉంచితే మాట తెగకుండా వస్తుంది. అయినా తెగుతుంది, దానికి సిద్ధంగా ఉండాలి. ప్రశ్నలను ముందురోజే వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లుగా నిర్వాహకుడికి చేర్చి పెట్టండి. లైను పోతే ఆయన ఆ గొంతునే వినిపిస్తాడు. అదీ కుదరకపోతే మామూలు ఫోన్ కాల్ చేసి స్పీకరు మీద పెట్టినా నడుస్తుంది. తెర మీద మెరవడం కంటే గొంతు చేరడం ముఖ్యం.

సమావేశం తెరవగానే నిర్వాహకుడు చేయాల్సిన మొదటి పని పేర్లు మార్చడం. రెడ్‌మీ తీసేసి గూడెం పేరు, పిల్లల పేర్లు పెట్టాలి. అందరూ ఎవరితో మాట్లాడుతున్నారో రచయితకు తెలియాలి. రెండో పని, మొదటి ప్రశ్నను గూడెం వాళ్ళకు ఇవ్వడం. చివర ఇస్తాం అంటే ఇవ్వనట్టే. మొదటి ప్రశ్న ఎవరు అడిగితే ఆ తర్వాతి మాటలన్నీ దాని చుట్టే తిరుగుతాయి. ప్రొఫెసర్ గారు "ఉత్తర ఆధునికత" అని మొదలుపెడితే ఇంటర్ పిల్లకు గట్టు గురించి అడిగే ధైర్యం ఉండదు. గట్టుతో మొదలైతే ప్రొఫెసర్ గారు కూడా దాని గురించే ఆలోచిస్తారు, ఆయనకూ మంచిదే.

కోయలో అడగాలనుకున్నవాళ్ళు కోయలోనే అడగనివ్వాలి. పక్కన మనవాళ్ళు ఒకరు తెలుగులో చెప్పాలి, జవాబును మళ్ళీ కోయలో చెప్పాలి. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. తెలుగువాళ్ళు వాడుకభాష కోసం తలుచుకునే గిడుగు రామమూర్తి పంతులు ఏళ్ళ తరబడి సవర భాష నేర్చుకొని 1931లో దాని మీద ఇంగ్లీషులో పుస్తకం తెచ్చాడు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునేవాళ్ళు ఒక కోయ ప్రశ్న కోసం రెండు నిమిషాలు ఆగగలరు.

మౌనం గురించి కూడా ఒక మాట. మన పిల్లలు వెంటనే మాట్లాడరు. "ఎవరైనా ప్రశ్న అడుగుతారా?" అని అడిగి రెండు సెకన్లలో "ఎవరూ లేరనుకుంటా" అని ముగించే నిర్వాహకుడు ఆ పనికి పనికిరాడు. లోపల ఇరవై దాకా లెక్కపెట్టుకోండి. పద్దెనిమిదో అంకె దగ్గర ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు.

ఇక మన ఉపాధ్యాయుల సంగతి. టీటీసీలో మనకు నేర్పిన పాఠంలోనే ఉంది, ప్రశ్న పిల్లవాడి నుంచి రావాలని. కానీ ముఖాముఖి అనగానే కొందరు మాస్టార్లు చీటీలు రాసి పంచుతారు. "మీకు రచనలు చేయడానికి స్ఫూర్తి ఎవరు?", "నేటి యువతకు మీరిచ్చే సందేశం ఏమిటి?" పిల్లలు వరుసగా లేచి చదివేస్తారు. రచయిత అలవాటైన జవాబులు ఇస్తాడు. కార్యక్రమం బాగా జరిగిందని ఫోటో గ్రూపులో పెడతారు. పిల్లవాడు తడబడి, తప్పు తెలుగులో అడిగితే పాఠశాల పరువు పోతుందని భయం. ఆ తడబాటులోనే అసలు ప్రశ్న ఉంటుంది. మన మాస్టార్లు ఆ చీటీలు రాసే సమయంలో కథను ఇంకోసారి పైకి చదివితే చాలు.

చివరగా రికార్డింగు. చాలా సంస్థలు ముఖాముఖిని నేరుగా యూట్యూబ్‌లో పెట్టేస్తున్నాయి. పెద్దవాళ్ళకు అది ఇష్టమే కావచ్చు. పదహారేళ్ళ అమ్మాయి తన గట్టు పేరు, ఊరి పేరు, ముఖం చూపించి అడిగిన ప్రశ్న ఎక్కడెక్కడికి పోతుందో, కింద ఎవరు ఏమి రాస్తారో ఆమెకు చెప్పామా? ఇంటివాళ్ళను అడిగామా? వేల్పుల సంగతులు కొన్ని బయట చెప్పుకోనివి కూడా ఉంటాయి. పిల్లలకు ఆ గీత ఎక్కడుందో తెలియకపోవచ్చు, పెద్దలకు తెలుసు. మా పద్ధతి ఏమిటంటే, మాట మాత్రమే రికార్డు చేస్తాం, ముఖం చేయం. అది బడి ఫోనులో ఉంటుంది, రచయితకు ఒక కాపీ పోతుంది. మూడో చోటికి పంపాలంటే అడిగిన పిల్లనూ ఆమె తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి మొత్తం వినిపించిన తర్వాతే.